ఇరుకు వీధి, పెద్ద లోగిలి: పాత ఇళ్ళ ఫోటోలకు కెనన్ 10-18 లెన్స్

కోనసీమ ఊళ్ళలో పాత ఇంటిని ఫోటో తీయాలంటే ముందు అడ్డొచ్చేది ఎదురింటి ప్రహరీ. వెనక్కి జరుగుదామంటే వీపుకి గోడ తగులుతుంది, ముందుకెళ్తే అరుగు తప్ప ఏమీ పట్టదు. కెమెరాతో పాటు వచ్చే 18-55 లెన్స్‌ని 18 దగ్గర పెట్టినా (ఈ ఎంఎం అంకె తగ్గేకొద్దీ ఫ్రేములో ఎక్కువ పడుతుంది) సగం ఇల్లే వస్తుంది. కప్పు కూడా పడాలని కెమెరా పైకెత్తామా, గోడలు రెండు వైపుల నుంచీ లోపలికి వాలిపోతాయి. ఇన్నేళ్ళూ నిటారుగా నిలబడ్డ ఇల్లు ఫోటోలో మాత్రం వెల్లకిలా పడబోతున్నట్టు కనిపిస్తుంది. దీనికి తక్కువ ఖర్చులో దొరికే మందు కెనన్ ఈఎఫ్-ఎస్ 10-18 ఎంఎం ఎఫ్/4.5-5.6 ఐఎస్ ఎస్‌టీఎం. 2014లో వచ్చిన లెన్స్ ఇది. అందరి చూపూ లోపల అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాల వైపు మళ్ళాక సెకండ్‌హ్యాండ్‌లో బాగానే దొరుకుతోంది. పాత ఇళ్ళ పనికి ఇది ఎంతవరకు నిలుస్తుందో, ఎక్కడ మొండికేస్తుందో చూద్దాం.

ఒళ్ళు ప్లాస్టిక్, కెమెరాకి తగిలించే మౌంటు కూడా ప్లాస్టిక్కే. బరువు 240 గ్రాములు. ముందు ఫిల్టర్ సైజు 67 ఎంఎం. చిన్న సెన్సార్ ఉన్న 1500డి, 200డి, 80డి లాంటి కెనన్ డీఎస్ఎల్ఆర్‌లకు సరిపోతుంది. 6డి, 5డి లాంటి ఫుల్‌ఫ్రేమ్, అంటే పెద్ద సెన్సార్ ఉన్న డీఎస్ఎల్ఆర్‌లకు అసలు తగులుకోదు, బలవంతం చేయొద్దు. ఆర్ సిరీస్ మిర్రర్‌లెస్ బాడీల మీద కెనన్ అడాప్టర్‌తో పనిచేస్తుంది కానీ, ఆ బాడీ ఫుల్‌ఫ్రేమ్ అయితే బొమ్మ మధ్య భాగాన్నే వాడుకుంటుంది. ఎండ పడకుండా పెట్టుకునే హుడ్ డబ్బాలో రాదు, ఈడబ్ల్యూ-73సి అని విడిగా కొనుక్కోవాలి. ఈ ధర లెన్స్‌లకు కెనన్ హుడ్ ఇవ్వకపోవడం పాత పిసినారితనమే.

ఇక లెక్క. పాత ఇళ్ళు తీసేవాళ్ళు ఈ లెక్కొక్కటి నోటికి పట్టుకుంటే సగం పని అయినట్టే. ఈ కెమెరాల సెన్సార్ సుమారు 22.3 ఎంఎం వెడల్పు, 14.9 ఎంఎం ఎత్తు. 10 ఎంఎం దగ్గర కెమెరాని అడ్డంగా పట్టుకుంటే, ఎంత దూరంలో నిలబడ్డామో దానికి 2.23 రెట్ల వెడల్పు పడుతుంది. అంటే కెమెరాకీ గోడకీ మధ్య 12 అడుగులుంటే దాదాపు 27 అడుగుల ఇంటి ముఖం వస్తుంది. 18 దగ్గర అదే చోటి నుంచి 15 అడుగులే. 10లో 12 అడుగుల నుంచి వచ్చే బొమ్మని 18లో తీయాలంటే 21, 22 అడుగుల దూరం కావాలి. ఆ పైన పది అడుగులు ఎదురింటి వాళ్ళ హాల్లో ఉంటాయి.

ఎత్తు లెక్క ఇంకా ముఖ్యం. కెమెరాని 5 అడుగుల ఎత్తున, ఏమాత్రం పైకెత్తకుండా తిన్నగా పట్టుకుని, అదే 12 అడుగుల నుంచి 10 ఎంఎంలో తీస్తే, అడ్డం ఫ్రేములో నేల నుంచి దాదాపు 14 అడుగుల దాకా వస్తుంది. కెమెరా నిలువుగా తిప్పితే 18 అడుగుల దాకా. ఒక అంతస్తు పెంకుటింటికి అడ్డం ఫ్రేము చాలు. మేడ ఉన్న ఇంటికి నిలువు ఫ్రేము కావాలి, వెడల్పు చాలకపోతే పక్కపక్కన రెండు మూడు నిలువు ఫ్రేములు తీసి కుట్టుకోవాలి. అలా కుట్టేటప్పుడు ఒక్కో ఫ్రేములో మూడో వంతు పక్క దానిలో కూడా ఉండేలా చూసుకోవాలి. కరెంటు తీగలూ ఊచల పిట్టగోడలూ అతుకు దగ్గరే తెగినట్టు కనపడతాయి కాబట్టి, అతుకు ఖాళీ గోడ మీద పడేలా చూసుకుంటే మంచిది.

ఇల్లు ఒరగకుండా ఉండడానికి ఉన్న రహస్యం అంతా ఇందులోనే ఉంది. కెమెరా వెనక ఉన్న సెన్సార్ గోడకి సమాంతరంగా ఉన్నంతసేపూ నిలువు గీతలు నిలువుగానే ఉంటాయి, లెన్స్ ఎంత వెడల్పుదైనా సరే. పైకెత్తిన మరుక్షణం వాలతాయి, వెడల్పు లెన్స్‌లో ఇంకా ఎక్కువగా. 10-18 గొప్పతనం ఎక్కువ పట్టడంలో లేదు, పైకెత్తాల్సిన అవసరం తప్పించడంలో ఉంది. దానికి చెల్లించాల్సిన మూల్యం కింద సగం నిండా రోడ్డు. ఆ రోడ్డుని తర్వాత కత్తిరించేయొచ్చు. 24 మెగాపిక్సెల్ ఫైల్లో కింద మూడో వంతు తీసేసినా 16 మెగాపిక్సెల్ మిగులుతుంది, ఏ-3 సైజు ముద్రణకు ఇబ్బంది లేదు. కొందరు ముగ్గు పడేలా చూసుకుని రోడ్డుని కూడా పనికి తెచ్చుకుంటారు, అది తెలివే.

తిన్నగా ఉందో లేదో కంటితో చెప్పలేం. కెమెరాలో లెవెల్ ఉంటే అది, లేకపోతే లైవ్ వ్యూలో, అంటే వెనక తెర మీద చూస్తూ, గళ్ళు పెట్టుకుని ద్వారబంధాన్ని ఒక నిలువు గీతకు ఆనించి చూడాలి. ఫ్లాష్ తగిలించే చోట పెట్టుకునే చిన్న బుడగ లెవెల్ ఇంకా చవక, బ్యాటరీ అక్కర్లేదు. ఒక మెలిక ఏమిటంటే పాత ఇళ్ళలో ఏదీ కొలతకు తిన్నగా ఉండదు. నిట్రాడు ఒక వైపు కుంగి ఉంటుంది, వసారా నేల వాన నీరు పోవడానికి వాలుగా ఉంటుంది. దేన్ని నమ్మాలి? ఇంటి మూల గోడనీ పెద్ద గుమ్మాన్నీ నమ్మొచ్చు. నిట్రాళ్ళని నమ్మొద్దు, చూరుని అసలు నమ్మొద్దు.

ఎదురుగా డాబా ఇల్లుంటే అడిగి పైకెక్కడం అన్నిటికంటే సుళువు. ఇంటి ఎత్తులో సగానికి కెమెరా చేరితే పైనా కిందా సమానంగా పడుతుంది, కత్తిరింపు ఉండదు, పెంకుల కప్పు కూడా చక్కగా విచ్చుకుంటుంది. కింద నుంచి తీసినప్పుడు కప్పు కనపడాలంటే దూరం కావాలి. 12 అడుగుల నుంచి బంగాళా పెంకుల వరసలు బాగా కనిపిస్తాయి. అదే కప్పు నాలుగు అడుగుల దగ్గరికెళ్తే చూరు వెనక మాయమైపోయి, ఇల్లు కొబ్బరాకు పందిరేమో అనిపిస్తుంది.

10 ఎంఎం అనేది కారంలాంటిది. అన్నిట్లోనూ వేస్తే నోరు మండుతుంది. అంత వెడల్పులో అంచుల దగ్గరున్న వస్తువు బయటికి సాగుతుంది. అడ్డం ఫ్రేములో పక్క అంచున ఇత్తడి బిందె ఉందనుకోండి, అది సుమారు ఒకటిన్నర రెట్లు సాగి గుమ్మడికాయైపోతుంది. మనిషి ముఖమైతే చెప్పనక్కర్లేదు, ఆ ఫోటో చూపిస్తే ఆ ఇంట్లో మళ్ళీ కాలు పెట్టనివ్వరు. 18 దగ్గర ఇదే సాగుడు 1.2 రెట్లలోపే ఉంటుంది. ఇది లెన్స్ లోపం కాదు, సరళరేఖల్ని సరళంగా ఉంచే ఏ వెడల్పు లెన్స్‌లోనైనా ఉండేదే, ఎంత ఖరీదైనది కొన్నా తప్పదు. గుండ్రటి స్తంభాలు, బిందెలు, మనుషులు అంచుకి రాకుండా చూసుకోవాలి. చదును గోడ, కిటికీ అంచున ఉంటే ఇబ్బంది లేదు. చోటుంటే 12 నుంచి 15 మధ్యలో తీయడమే మంచిది.

లెన్స్ సొంత లోపాలు వేరే ఉన్నాయి. 10 దగ్గర దూలం లాంటి పొడవు గీత ఫ్రేము పై అంచున పడితే కొంచెం విల్లులా వంగుతుంది. మూలలు చీకటవుతాయి, ఎఫ్/4.5లో, అంటే వెలుతురు వచ్చే రంధ్రం (అపెర్చర్) పూర్తిగా తెరిచినప్పుడు మరీను. ఆకాశానికి ఎదురుగా ఉన్న కొబ్బరాకుల అంచుల్లో ఊదా, ఆకుపచ్చ చారలు వస్తాయి. మూడూ ఫోటోలు దిద్దే లైట్‌రూమ్ సాఫ్ట్‌వేరులో గానీ, కెనన్ ఉచితంగా ఇచ్చే డీపీపీలో గానీ లెన్స్ ప్రొఫైల్, అంటే ఆ లెన్స్ లోపాలకు సిద్ధంగా ఉండే దిద్దుబాటు ఆన్ చేస్తే చాలావరకు పోతాయి. వరస మాత్రం తప్పకూడదు. ముందు ప్రొఫైల్, ఆ తర్వాత నిలువు గీతల దిద్దుబాటు. తలకిందులుగా చేస్తే వంగిన గీతని తిన్నగా సాగదీయబోయి ఇంకా పాడుచేసుకుంటాం. దిద్దుబాటులో అంచులు కోతపడతాయి కాబట్టి ఇంటి చుట్టూ కాస్త ఖాళీ వదిలి తీయాలి. ఇంటి మూల సరిగ్గా ఫ్రేము అంచుకి అతుక్కున్న ఫోటోని తర్వాత ఎవరూ బాగుచేయలేరు.

పదును విషయంలో ఈ ధరకు పేరు పెట్టడానికి లేదు. ఎఫ్/8 దీనికి సొంతిల్లు. మధ్యలో పూర్తి అపెర్చర్‌లోనే బాగుంటుంది, మూలలు ఎఫ్/8కి కుదురుకుంటాయి. ఎఫ్/16 దాకా మూస్తే కాంతి వంపుల వల్ల అంతటా మెత్తబడుతుంది. లోతు కోసం అంత మూయాల్సిన పనీ లేదు. 10 ఎంఎం, ఎఫ్/8లో మూడు నాలుగు అడుగుల దగ్గర ఫోకస్ పెడితే అడుగున్నర దూరంలోని గడప నుంచి పెరట్లోని తులసికోట దాకా స్పష్టంగా ఉంటుంది. 18లో అయితే ఏడెనిమిది అడుగుల దగ్గర పెట్టాలి. చిరాకు పెట్టేది ఏమిటంటే, లెన్స్ మీద దూరం చూపే స్కేలు లేదు. ఫోకస్ రింగు కూడా మోటారుతోనే తిరుగుతుంది కనుక కెమెరా నిద్రపోతే రింగు తిప్పినా ఏమీ జరగదు. చీకటి నడవలో ఆటో ఫోకస్ తడుముకుంటే, నాలుగు అడుగుల దూరంలో సెల్‌ఫోన్ లైటు వేసి దాని మీద ఫోకస్ పట్టించి, లెన్స్ పక్కనున్న మీటని ఎంఎఫ్‌కి (చేత్తో ఫోకస్) తిప్పేయడం పద్ధతి. అక్కడి నుంచి ఆ గదంతా ముట్టుకోనక్కర్లేదు.

ఇప్పుడు మండువాలోకి వద్దాం. ఈ లెన్స్ నిజంగా డబ్బు రాబట్టేది ఇక్కడే. మధ్యలో ఆకాశం, చుట్టూ దిగువకి వాలిన చూరు, దాని కింద నిట్రాళ్ళు, వెనక చీకటి గదులు. చాలామంది మూలకెళ్ళి నిలబడి 10లో అంతా పట్టేయాలని చూస్తారు. దగ్గరి నిట్రాడు ఏనుగు కాలంత లావుగా వచ్చి, అవతలి వసారా బొమ్మరిల్లైపోతుంది. మూల వదిలేసి ఒక వసారా మధ్యలో, గోడకి వీపు ఆనించి, ఎదురు వసారా గుమ్మానికి సరిగ్గా ఎదురుగా నిలబడండి. కెమెరా ఎత్తు మూడున్నర, నాలుగు అడుగులు. నిలువెత్తు నుంచి తీస్తే మన వైపు చూరు అడ్డొచ్చి అవతలి కప్పుని కోసేస్తుంది. కిందికి దిగితే చూరు అంచు పైన ఒక చట్రంలా నిలుస్తుంది, దాని కింది నుంచి ఎదురు కప్పూ ఆకాశపు ముక్కా రెండూ దొరుకుతాయి. 12, 13 ఎంఎం చాలు.

వెలుతురు మాత్రం లొంగదు. మండువా మధ్య ఎండకీ లోపలి గదికీ ఉన్న తేడాని ఒక్క ఫ్రేము మోయలేదు. ఆకాశం కోసం తీస్తే గదులు బొగ్గు, గదుల కోసం తీస్తే ఆకాశం సున్నం. రా ఫైల్లో, ట్రైపాడ్ మీద, ఎఫ్/8, ఐఎస్ఓ 100తో, ఒకే దృశ్యాన్ని వేర్వేరు వెలుతురులో తీసే ఏఈబీని రెండు స్టాపులు (ఒక్కో స్టాపుకి వెలుతురు రెట్టింపో సగమో అవుతుంది) కిందికీ పైకీ పెట్టి, 2 సెకన్ల టైమర్‌తో తీస్తే మూడు ఫ్రేములూ వరసగా పడతాయి. కలిపేటప్పుడు చీకటిని మరీ వెలిగించొద్దు. పాత ఇంట్లో మధ్యాహ్నం పడగ్గది చీకటిగానే ఉంటుంది, అలా ఉండాలనే కట్టారు. ఎండ మండువా నేల మీద తిన్నగా పడని వేళ, అంటే పొద్దున ఎనిమిదిలోపు గానీ, మబ్బు పట్టినప్పుడు గానీ వెళ్తే ఈ మూడు ఫ్రేముల తంటా సగం తగ్గుతుంది.

ట్రైపాడ్ లేకపోతే? చేతి వణుకుని సర్దే ఐఎస్ ఉందిగా. కెనన్ నాలుగు స్టాపులు అంటుంది. ఊపిరి బిగబట్టి నిట్రాడికి భుజం ఆనిస్తే 10 ఎంఎంలో పావు సెకను దాకా నిలబడుతుంది, కానీ ఒకటికి మూడు తీయాలి. మనుషులుంటే ఐఎస్ వాళ్ళ కదలికను ఆపదని గుర్తుంచుకోవాలి. ఎఫ్/4.5 మొదలై, 18కి వచ్చేసరికి ఎఫ్/5.6కి పడిపోయే అపెర్చర్ ఇది. సాయంత్రం దీపాల వేళ చేత్తో తీయడానికి చాలదు. ట్రైపాడ్ మీద పెట్టినప్పుడు ఐఎస్ మీట ఆపేయండి. కాలువ గట్టు మీద, తడి పెరట్లో ట్రైపాడ్ కాళ్ళు ఒండ్రులోకి మెల్లగా దిగుతాయి. మూడు ఫ్రేముల మధ్య కెమెరా వెంట్రుకవాసి కదిలినా కలిపినప్పుడు పెంకుల అంచులు జంటగా కనపడతాయి. ఒక్కో కాలి కింద బోర్లించిన కొబ్బరి చిప్ప పెడితే దిగదు. చిప్పలకు మన దగ్గర కరువా!

లోపల తీసేటప్పుడు ట్యూబులైట్లూ ఎల్ఈడీ బల్బులూ ఆర్పేయమని అడగాలి. కిటికీ వెలుతురూ బల్బు వెలుతురూ కలిస్తే నీలిమందు కలిపిన సున్నపు గోడ ఒక వైపు నీలంగా, ఒక వైపు పసుపుగా వస్తుంది, ఏ సాఫ్ట్‌వేరూ రెండింటినీ ఒకేసారి దిద్దలేదు. వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదలకుండా పగటి వెలుతురుకి పెట్టండి. ఎర్ర గచ్చు నేల మీద ఎండ పడితే ఆ ఎరుపు గోడలకి అంటుతుంది. దాన్ని పూర్తిగా తీసేయొద్దు, ఆ గదిలో నిలబడ్డవాడికి కూడా గోడ అలాగే కనిపిస్తుంది. కెమెరా మీది చిన్న ఫ్లాష్ ఈ లెన్స్‌తో వాడకపోవడమే మేలు. దాని వెలుతురు 18 ఎంఎం దగ్గరి వెడల్పు వరకే అందుతుంది, 10లో అంచులు చీకటిగా మిగిలి, కింద లెన్స్ నీడ అర్ధచంద్రంలా పడుతుంది. ఆకాశాన్ని ముదురు చేయడానికి లెన్స్ ముందు తగిలించే సీపీఎల్ (పోలరైజర్) ఫిల్టర్ కూడా 10 దగ్గర ఆకాశాన్ని ఒక పక్క ముదురు, ఒక పక్క లేత చేస్తుంది.

బయట ముఖం తీయడానికి దిక్కు చూసుకోవాలి. తూర్పు ముఖం ఇంటికి పొద్దున ఏడు, ఎనిమిదిన్నర మధ్య. పడమటి ముఖానికి నాలుగు దాటాక. దక్షిణ ముఖానికి నవంబరు నుంచి జనవరి దాకా రోజంతా పక్క నుంచి వెలుతురు దొరుకుతుంది. ఉత్తరపు ముఖమే పేచీ, ఏడాదిలో ఎక్కువ కాలం నీడలోనే ఉంటుంది. అయితే డెల్టా ఉన్నది పదహారున్నర డిగ్రీల అక్షాంశం దగ్గర కాబట్టి మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరాన ఉంటాడు. ఆ మూడు నెలల్లో పొద్దునా సాయంత్రం ఉత్తరపు గోడ మీద ఏటవాలు ఎండ పడుతుంది, చెక్కడాలు తేలి కనిపిస్తాయి. అందులో సగం వానాకాలం, అది వేరే సంగతి. గోడ మీద కొబ్బరాకుల చారల నీడలు పడితే ఏ లెన్సూ ఏమీ చేయలేదు, పల్చటి మబ్బు కోసం ఆగాల్సిందే.

సంక్రాంతి వారం ఒక రకంగా వరం. సున్నాలు కొత్తగా వేసి ఉంటారు, ఏడాదంతా తాళం పడ్డ ఇళ్ళు హైదరాబాదు నుంచో అమెరికా నుంచో వచ్చినవాళ్ళతో తెరుచుకుంటాయి. ఇంటి ముందు కారు మాత్రం కదలదు.

అడగకుండా తీయొద్దు. వీధిలోంచైనా సరే, అరుగు మీద పెద్దాయన ఉంటే ముందు ఆయన్ని పలకరించాలి. "ఏమండీ, ఇల్లు చాలా బాగుందండి, ఒక ఫోటో తీసుకోవచ్చాండీ?" అంటే వచ్చే మొదటి ప్రశ్న దాదాపు ఎక్కడైనా ఒకటే: "ఆయ్, ఎందుకండీ? అమ్మకానికేమన్నా పెట్టారా?" పన్ను కొలతల వాళ్ళనో, రియల్ ఎస్టేటు వాళ్ళనో అనుకుంటారు. కెమెరా తెరలో అప్పటికే తీసిన మరో ఇంటి ఫోటో చూపిస్తే అనుమానం తీరుతుంది, చాలాసార్లు కాఫీ కూడా వస్తుంది. ఈ లెన్స్ చిన్నది కావడం ఇక్కడ కలిసొస్తుంది, పెద్ద లెన్స్ చూస్తే టీవీ వాళ్ళనుకుని తలుపు మూస్తారు. తాళం వేసి ఉన్న ఇళ్ళ ఊరూ వీధీ ఫోటోతో పాటు బయట పెట్టొద్దు. పాత తలుపులకీ ద్వారబంధాలకీ ఇప్పుడు మంచి గిరాకీ ఉంది.

ఇళ్ళు దాటి బయటికొస్తే లెన్స్ బలం ఊరిని బట్టి మారుతుంది. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం ఇల్లు లాంటి కట్టడాలకు, చుట్టూ ఊరు ముసురుకున్న చోట, ఇది సరిగ్గా సరిపోతుంది. యానాంలో ఫ్రెంచివాళ్ళ కాలపు సెయింట్ ఆన్స్ చర్చి 1846 నాటిది. దాని ముఖాన్ని తిన్నగా తీయాలంటే దగ్గర నుంచి నిలువు ఫ్రేము, లేదా వెనక్కి నడిచి 18. ద్రాక్షారామం భీమేశ్వరాలయంలో రెండంతస్తుల ప్రాకార మండపానికి 10-18 తప్ప వేరే దారి లేదనిపిస్తుంది. స్తంభాల వరస మధ్యలో నిలబడి, కెమెరా నడుము ఎత్తున పెట్టి తీస్తే వరస దూరానికి చక్కగా సన్నబడుతుంది. అది పురావస్తు శాఖ కింద ఉన్న గుడి, ట్రైపాడ్‌కు ముందే అనుమతి కావాలి, గర్భాలయం వైపు కెమెరా ఎత్తకూడదు. రాజమండ్రిలోని హేవలాక్ రైలు వంతెనకి మాత్రం ఈ లెన్స్ తీసుకెళ్ళకండి. 1900లో మొదలై 1997లో రైళ్ళు ఆగిపోయిన ఆ 56 ఖానాల వంతెన 10 ఎంఎంలో గోదాట్లో పడ్డ దువ్వెనలా కనిపిస్తుంది. దానికి 55 పైన ఏదైనా కావాలి. తలుపు మీది చెక్కడానికీ, రంగు గాజుల కిటికీకీ కూడా అంతే. ఈ లెన్స్ ఒక్కటే సంచిలో ఉంటే రోజు సగం వృథా, 18-55 తోడుండాలి.

మన వాతావరణం లెన్స్‌లకు శత్రువు. దీనికి తడి నుంచి రక్షణ ఇచ్చే సీలింగు ఏమీ లేదు. అంతర్వేది, యానాం వైపు ఉప్పు గాలిలో తీసిన రోజు రాత్రే మెత్తటి గుడ్డ కొద్దిగా తడిపి బయట తుడవాలి, గాజు జోలికి పోవద్దు. ఏసీ కారులోంచి దిగగానే లెన్స్ బయటికి తీస్తే గాజు మీద చెమట పడుతుంది. సంచిలోనే అరగంట ఉంచి తీయండి. బీరువాలో బట్టల మధ్య, తోలు సంచిలో దాచడమే బూజుకి మొదటి కారణం. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్, లోపల తేమ మీటరు ఉంటే చాలు. తేమ 40, 50 శాతం మధ్య ఉండాలి. గుళికలు రంగు మారగానే ఎండబెట్టాలి. కలరా ఉండలు వేయొద్దు, ఆ ఆవిరి గాజు పూతకి మంచిది కాదు.

దీనికి బదులు ఏం కొనొచ్చు? ఫోన్‌లోని 0.5 (వెడల్పు) కెమెరా పగటి పూట ఇంటి ముఖానికి చాలు, వాట్సాప్‌లో పంపేవారికి ఈ ఖర్చే అక్కర్లేదు. మండువా నీడలోకి వెళ్ళాక గోడ గరుకుదనం, పెంకుల అంచులు కలిసిపోయి మైనం పూసినట్టవుతాయి. కెనన్ పాత 10-22 ఎఫ్/3.5-4.5 కట్టుబడి మెరుగు, దూరం స్కేలు ఉంది, కానీ 385 గ్రాములు, 77 ఎంఎం ఫిల్టర్, పైగా ఐఎస్ లేదు. టోకినా 11-16 ఎఫ్/2.8 రాత్రి పూటకి నయం, దానికీ ఐఎస్ లేదు. ఆర్10, ఆర్50 లాంటి మిర్రర్‌లెస్ ఉన్నవాళ్ళు అడాప్టర్ గొడవ లేకుండా 2023లో వచ్చిన ఆర్ఎఫ్-ఎస్ 10-18 చూడొచ్చు. అది 150 గ్రాములే, అపెర్చర్ చివర్లో ఎఫ్/6.3కి పడుతుంది. అసలైన కట్టడాల లెన్స్ అంటే కెనన్ టీఎస్-ఈ 24 లాంటి షిఫ్ట్ లెన్స్. కెమెరాని తిన్నగా ఉంచి లెన్స్‌ని మాత్రం పైకి జరుపుతుంది, రోడ్డు కత్తిరించే పనే ఉండదు. ఆ ఖర్చుకి కొన్ని 10-18లు వస్తాయి, పైగా చిన్న సెన్సార్ మీద దాని 24 ఎంఎం మన వీధులకు ఇరుకు.

సెకండ్‌హ్యాండ్‌లో కొనేటప్పుడు వెనక నుంచి టార్చి వేసి ముందు నుంచి చూడండి. సాలెగూడు పోగుల్లా కనిపిస్తే బూజు, చవగ్గా ఇచ్చినా వద్దు. నాలుగు దుమ్ము రేణువులు ఫోటోలో కనపడవు, వాటి కోసం బేరం చెడగొట్టుకోవద్దు. మౌంటు రెక్కల దగ్గర ప్లాస్టిక్ అరిగి తెల్లబడిందేమో, తగిలించాక లెన్స్ ఊగుతోందేమో చూడాలి. ఐఎస్ ఆన్ చేసి షట్టర్ సగం నొక్కితే సన్నటి గుర్రుమనే శబ్దం మామూలే, బొమ్మ దూకుతుంటే పాడైనట్టు. చివరగా ఇటుక గోడ ఏదైనా వెతికి, ట్రైపాడ్ మీద 10 ఎంఎం, ఎఫ్/5.6లో గోడకి సమాంతరంగా పెట్టి తీసి, నాలుగు మూలలూ పెద్దవి చేసి పోల్చండి. నాలుగూ ఒకేలా మెత్తగా ఉంటే లెన్స్ తీరే అంత. ఒక మూల మాత్రమే అలికినట్టుంటే ఎప్పుడో కింద పడి లోపల గాజు పక్కకి జరిగింది. కెమెరాని తలకిందులు చేసి ఇంకొక్కటి తీయండి. ఆ అలికిన మూల లెన్స్‌తో పాటు తిరిగి గోడకి అవతలి మూలకి వస్తే తప్పు లెన్స్‌దే. గోడ మీద ఉన్నచోటే ఉంటే మీరు గోడకి తిన్నగా నిలబడలేదు.